పథ్యంలో వేపుడు

పల్నాటి ఇళ్లలో పప్పు వండిన రోజున పక్కన వేపుడు ఉండి తీరాలి. దొండకాయో, బెండకాయో, అవేవీ లేకపోతే బంగాళాదుంపో మూకుడులో పడవలసిందే. అదీ కుదరకపోతే అప్పడమో, గుమ్మడి వడియమో, ఊరమిరపకాయో ఆ లోటు తీర్చాలి. పంటి కింద కరకరలాడేది ఒకటి లేకపోతే మా వైపు వాళ్లకు ముద్ద గొంతు దిగదు. నేనూ ఆ కంచంలో తిని పెరిగినవాణ్ణే కనుక దీన్ని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు.

అయితే ఆసుపత్రిలో కూర్చుని చూసేవాడికి ఈ వేపుడు మరొక రూపంలో కనిపిస్తుంది. గుండెపోటు వచ్చి, గుంటూరులోనో హైదరాబాదులోనో స్టెంటు వేయించుకుని ఇంటికి చేరినవారు మాత్రలు శ్రద్ధగానే మింగుతారు. చుట్ట, సిగరెట్టు కూడా భయంకొద్దీ మానేస్తారు. పథ్యం మాత్రం రెండు నెలలు నిలవదు. ఎందుకు నిలవదో నరసరావుపేటలోను, గురజాలలోను, మాచర్లలోను పనిచేసిన ఇన్నేళ్లలో చాలామందిని గుచ్చి గుచ్చి అడిగాను. అందరి సమాధానమూ ఇంచుమించు ఒకటే. ఇంట్లో రెండు వంటలు మొదలవుతాయి. ఆయనకు ఉడకబెట్టిన బీరకాయ, చప్పిడి పప్పు. పిల్లలకు యథాప్రకారం దుంపల వేపుడు. ఆయన కంచం ఒక పక్క, తక్కిన కంచాలు మరొక పక్క. తాలింపు వాసన మాత్రం అందరికీ సమానమే గదా! నలభై రోజులు ఓర్చుకుంటారు. నలభై ఒకటో రోజు సాయంత్రం సెంటరుకు వెళ్లి, పొద్దుటి నుంచి కాగుతున్న నూనెలో వేసిన మిరపకాయ బజ్జీలు నాలుగు తిని వస్తారు. ఇంట్లో తాజా నూనెతో చేసినది తిన్నా ఇంత నష్టం లేకపోయేది.

ఆ మధ్య మాచర్ల వైపు నుంచి ఒక రైతు, ఆయన భార్య వచ్చారు. ఆయనకు యాభై దాటలేదు. స్టెంటు పడి మూడు నెలలయింది. “కంచం ముందు నుంచి లేచిపోతున్నారండీ, ఏం పెట్టమంటారు?” అన్నది ఆమె ప్రశ్న. తర్వాత కాస్త మొహమాటపడుతూ ఇంకొక ప్రశ్న వేసింది. హైదరాబాదులో ఉన్న కూతురు దసరాకు మైక్రోవేవ్ పొయ్యి కొనిపెట్టిందట. దాని మీద పూలగుడ్డ కప్పి ఉంచారు. పాలు వేడి చేయడానికి తప్ప వాడలేదు. అందులో నూనె లేకుండానే బంగాళాదుంపలు కరకరలాడేట్లు వేగుతాయని ఎవరో ఫోనులో చూపించారు. “పెట్టవచ్చా డాక్టరుగారూ? అందులో ఇనుప సామాను పెట్టకూడదంటారు గదా, మరి ఆయన గుండెలో తీగ ఉందాయె!”

ఆమె ప్రశ్నకు పక్కనున్న నర్సు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. స్టెంటు అన్నది సన్నని లోహపు జల్లెడ గొట్టమే. తెలివైన మనిషికి రావలసిన అనుమానమే అది. దీని జవాబు ముందు చెప్పి తర్వాత దుంపల సంగతికి వస్తాను.

మైక్రోవేవ్ అన్నది రేడియో తరంగాల కుటుంబంలోదే. అందులో మాగ్నెట్రాన్ అనే చిన్న పరికరం ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు విమానాలను పసిగట్టే రాడార్ కోసం దాన్ని వాడారు. అమెరికాలో రేథియాన్ కంపెనీలో పనిచేసే పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు 1945లో ఆ యంత్రం పక్కన నిలబడి ఉండగా జేబులోని చాక్లెట్టు కరిగిపోయిందట. వంటపొయ్యికి అదే నాంది. 1947లో అమ్మకానికి వచ్చిన మొదటి పొయ్యి మనిషంత ఎత్తు, 340 కిలోల బరువు. వంటింటి గట్టు మీద పట్టేది 1967లో గాని రాలేదు. ఈ తరంగాలు సెకనుకు 245 కోట్ల సార్లు కంపిస్తాయి. ఆహారంలోని నీటి అణువులు ఆ ఊపుకు తగినట్టు తిరగడానికి గింజుకుంటాయి. ఆ రాపిడిలో వేడి పుడుతుంది. అంతే. ఎక్స్‌రే లాగా ఇవి కణాలలోని జన్యుపదార్థాన్ని విరగ్గొట్టలేవు. తలుపు అద్దం వెనక కనిపించే చిల్లుల రేకు తరంగాలను బయటకు రానివ్వదు. తలుపు తీయగానే యంత్రం ఆగిపోతుంది. ఆగిన తర్వాత దుంపలో వేడి ఉంటుంది తప్ప “కిరణాలు” మిగలవు. కాబట్టి స్టెంటు ఉన్నవారు దాని పక్కన నిలబడినా, అందులో వండినది తిన్నా భయం లేదు. తలుపు వంగిపోయినా, సరిగా మూతపడకపోయినా మాత్రం బాగు చేయించేదాకా వాడకండి.

ఇక నూనె సంగతి. గుండెజబ్బు ఉన్న ఇంటివారిని నేను ముందుగా అడిగేది ఒక్కటే: నెలకు ఎన్ని నూనె ప్యాకెట్లు తెస్తారు? “తక్కువే వాడతామండీ” అనే మాటకు అర్థం లేదు. ప్యాకెట్ల లెక్కకు అర్థం ఉంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారి సలహాలనుబట్టి పెద్దవాళ్లకు రోజుకు 20 నుంచి 30 గ్రాముల నూనె చాలు. నలుగురున్న ఇంటికి లెక్క కడితే నెలకు సుమారు 3 లీటర్లు. మా వైపు నాకు తరచుగా వినపడే జవాబు ఆరు, ఏడు. అందులో ఆవకాయ నూనె కలవదు సుమా!

పావుకిలో బంగాళాదుంపలను సన్నగా తరిగి నూనెలో దేవితే గుప్పెళ్ల లెక్కన చిప్స్ వస్తాయి. నిజానికి పచ్చిదుంపలో ముప్పావు వంతుకు పైగా నీరే. కాగిన నూనెలో పడగానే ఆ నీరు ఆవిరై బుడగలు బుడగలుగా పోతుంది. ఖాళీ అయిన చోట్లలోకి నూనె చేరుతుంది. దుకాణంలో దొరికే చిప్స్ బరువులో సుమారు మూడో వంతు నూనె ఉండటం ఇందువల్లనే. ఆ లెక్కన పావుకిలో దుంపలు 25 గ్రాముల దాకా నూనె తాగుతాయి. అంటే పప్పులో తాలింపు, కూరలో నూనె, పెరుగులో వెన్న ఇవేవీ లెక్క వేయకుండానే ఒక మనిషి రోజువారీ కోటా మొత్తం వేపుడులోనే పోయింది. ఇందులో గమనించవలసిన చిన్న విషయం ఒకటుంది. నూనెలో ఉన్నప్పటి కంటే, బయటికి తీసి చల్లారుతున్నప్పుడే ముక్క ఎక్కువ నూనె పీలుస్తుంది. లోపలి ఆవిరి చల్లబడి పైనున్న నూనెను లాగుతుంది. కనుక పండుగకో పబ్బానికో దేవినప్పుడు చిల్లుల గరిటెతో తీసిన వెంటనే, వేడిగా ఉండగానే బాగా విదిలించండి. వార్తాపత్రిక మీద మాత్రం పరచకండి, అచ్చుసిరా నూనెలో దిగుతుంది.

మైక్రోవేవ్‌లో ఈ దుంపలు నిజంగా కరకరలాడతాయా? సన్నని ముక్కలైతే ఆడతాయి. వేలెడు మందం ముక్కలైతే ఆడవు. ఫోనులో ఎవరు ఏం చూపించినా సరే, సంగతి ఇది. నూనెలో పైపొర 170, 180 డిగ్రీల వేడి తగిలి క్షణాల్లో ఎండి పెళుసవుతుంది. మైక్రోవేవ్‌లో ముక్క వేడెక్కుతుంది గాని చుట్టూ ఉన్న గాలి చల్లగానే ఉంటుంది. లోపలి ఆవిరి బయటికి వచ్చి పైపొరను తడిపి మెత్తబరుస్తుంది. నీరంతా పోయినప్పుడే కరకర వస్తుంది. పలుచని ముక్కలో నీరంతా పోగొట్టవచ్చు. మందపు ముక్కలో నీరు పోయేసరికి అది తోలులా సాగుతుంది, లేదా ఒక చోట మాడుతుంది.

మా ఇంట్లో చేసే పద్ధతి చెబుతాను. పద్ధతి నాది కాదు, నా భార్యది. నా పని దగ్గర నిలబడి గడియారం చూడటం. గట్టి దుంపలను చిప్స్ పీట మీద రూపాయి బిళ్ల మందాన తరగాలి. అన్నీ ఒకే మందాన ఉండటం ముఖ్యం, లేకపోతే పలుచనివి మాడేసరికి మందంవి మెత్తగానే ఉంటాయి. తరిగిన ముక్కలను చన్నీళ్లలో అరగంట ఉంచి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. పైనున్న గంజి, కొంత చక్కెర పోయి ముక్కలు అంటుకోకుండా ఉంటాయి, రంగు కూడా త్వరగా మారదు. తర్వాత పొడి నూలుగుడ్డ మీద పరచి, పైన ఇంకొక గుడ్డతో అద్దాలి. చాలామంది ఇక్కడ తొందరపడతారు. తడి ముక్కలు వేస్తే ఉడుకుతాయి తప్ప వేగవు. పావుకిలోకు రెండు చిన్న చెంచాల నూనె పోసి చేత్తో పట్టించాలి. చిన్న చెంచా నాలుగున్నర గ్రాములు వేసుకుంటే, నలుగురికీ కలిపి 9 గ్రాములు. ఇందాకటి 25తో పోల్చుకోండి. నూనె అసలు లేకుండానూ వస్తాయి గాని రుచి అట్టముక్కలా ఉంటుంది. అలాంటి పథ్యం మళ్లీ నిలవదు.

గాజు పళ్లెంలో గాని పింగాణీ పళ్లెంలో గాని ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచాలి. మన ఇళ్లలో పళ్లెమంటే స్టీలుదే కనుక మళ్లీ చెబుతున్నాను, స్టీలు పనికిరాదు, బంగారు అంచున్న పింగాణీ కూడా పనికిరాదు, నిప్పురవ్వలు వస్తాయి. మామూలు ప్లాస్టిక్ గిన్నెలూ వద్దు. పూర్తి వేడి మీద మూడు నిమిషాలు, తీసి ముక్కలు తిరగేసి మళ్లీ రెండు నిమిషాలు. ఆ తర్వాత వేడి సగానికి తగ్గించి అరనిమిషం అరనిమిషం చొప్పున చూస్తూ ఉండాలి. అంచులు బంగారు రంగుకు రాగానే తీసేయండి. అప్పుడు ఇంకా కాస్త మెత్తగానే ఉంటాయి. బయట ఆరినాక గలగలమంటాయి. ఒక వాయికి ఒక దుంపకు మించి పట్టదు. పావుకిలోకు మూడు నాలుగు వాయిలు, అరగంట పని. త్వరగా అయిపోతుందని ఆశపడేవారికి ఇది సరిపడదు. కాని మా రెంటచింతల ఎండల గురించి రాష్ట్రమంతా తెలుసు గదా, మే నెలలో కాగే మూకుడు ముందు అరగంట నిలబడే ఇల్లాలిని అడిగితే ఆ తేడా చెబుతుంది.

ఉప్పు, కారం చివర చల్లాలి. ముందే వేస్తే ఉప్పు నీటిని లాగి ముక్క మెత్తబడుతుంది.

వేలెడు మందం ముక్కలే కావాలనే పిల్లలుంటారు. వాటిని నానబెట్టి, తుడిచి, గాజుగిన్నెలో మూతపెట్టి నాలుగైదు నిమిషాలు మైక్రోవేవ్‌లో మగ్గనిచ్చి, తర్వాత ఇనుప పెనం మీద ఒకటి రెండు చెంచాల నూనెతో ఎర్రబడేదాకా వేయించండి. లోపల వెన్నలా, పైన పొరలా వస్తుంది. వేడిగాలి వీచే రకం పొయ్యి ఉన్నవారికి ఇంత శ్రమ లేదు, అది నిజంగానే కాలుస్తుంది.

ఎర్రబడటం గురించి ఒక హెచ్చరిక. 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు దుంపల వేపుళ్లలో అక్రిలమైడ్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. పిండిపదార్థం ఉన్న వంటకం 120 డిగ్రీలు దాటి, నీరు ఇంకి, రంగు మారేటప్పుడు అది పుడుతుంది. జంతువులలో అది క్యాన్సరు కలిగించింది. మనం తినే మోతాదులో మనుషులకు కలిగిస్తుందని రుజువు కాలేదు. అయినా గోధుమరంగు, నలుపు దాకా పోనివ్వకుండా ఆపడం మన చేతిలో పనే. మైక్రోవేవ్ కనుక ఇది పుట్టదనుకోవద్దు, అక్కడా మాడితే పుడుతుంది. ఫ్రిజ్‌లో చాలా రోజులున్న దుంపలు తియ్యబడతాయి, అందుకే త్వరగా నల్లబడతాయి. దుంపలను గాలి తగిలే చీకటి మూల బుట్టలో ఉంచండి. ఆకుపచ్చ తిరిగినవీ బాగా మొలకలు వచ్చినవీ పారేయండి, వాటిలోని విషం నూనెలోనూ పోదు, మైక్రోవేవ్‌లోనూ పోదు.

ఇంత చెప్పినా నూనె తగ్గింది గాని దుంప తగ్గలేదని మరవకూడదు. చక్కెరజబ్బు ఉన్నవారు “నూనె లేదుగా” అని పళ్లెం ఖాళీ చేసి, మర్నాడు రక్తంలో చక్కెర చూపించి నన్ను అడుగుతారు. నూరు గ్రాముల దుంపలో సుమారు 20 గ్రాముల పిండిపదార్థం ఉంది. మనం దాన్ని అన్నంలో నంజుకుంటాం, అంటే పిండిలోకి పిండి! దుంప వేపుడు ఉన్న పూట అన్నం ఒక గరిటె తగ్గించండి, పప్పు ఒక గరిటె పెంచండి. రక్తపోటు ఉన్నవారికి చిక్కు ఉప్పుతో వస్తుంది. రోజుకు మొత్తం 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు దాటవద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన వెల్లుల్లికారంలోనే ఉప్పు ఉంటుంది, మళ్లీ పైన చల్లుతాం. ఉప్పు లేని వట్టి కారం, జీలకర్రపొడి, కాస్త ఆమ్‌చూర్ చల్లి చూడండి, పులుపు తగిలితే నాలుక ఉప్పును అంతగా వెతకదు. కిడ్నీలు దెబ్బతిన్నవారి సంగతి వేరు. దుంపలో పొటాషియం ఎక్కువ, మైక్రోవేవ్‌లో అది ఎక్కడికీ పోదు. వారు ముక్కలు చేసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అదీ తమ డాక్టరు ఒప్పుకుంటేనే తినాలి.

ఆ రైతు భార్య వెళ్లబోతుంటే కూర్చోబెట్టి ఆమె రక్తపోటు కూడా చూశాను. 164/98. పదిహేనేళ్లుగా ఎవరూ చూడలేదట, కాన్పు తర్వాత అవసరం రాలేదంది! ఆయనకు విడిగా వండి, తాను మిగిలిన వేపుడు తింటున్న మనిషి ఆమె. ఇదే నేను ఇంటింటా చెప్పేది: పథ్యం ఒక్కరికి వేరుగా వండకండి. ఇంటిల్లిపాదికీ ఒకే వేపుడు చేయండి, అది రెండు చెంచాల నూనెది కానివ్వండి. వారానికి రెండు సార్లు బంగాళాదుంప, మిగతా రోజులు బెండ, దొండ, కాకర అనుకుంటే చాలు. బెండకాయ ముక్కలైతే పెనం మీద వేయించే ముందు మైక్రోవేవ్‌లో రెండు మూడు నిమిషాలు ఉంచితే జిగురు ఇంకుతుంది, నూనె సగం సరిపోతుంది.

దేవగా మిగిలిన నూనెను గిన్నెలో దాచి మర్నాడు తాలింపుకు, ఎల్లుండి గారెలకు వాడే అలవాటు పట్నాల్లోనూ ఉంది. పదేపదే కాగిన నూనె చిక్కబడి, రంగు మారి, విరిగిన కొవ్వు పదార్థాలతో నిండుతుంది. వాటిని ధ్రువ సమ్మేళనాలంటారు. అవి 25 శాతం దాటిన నూనెను హోటళ్లు వాడకూడదని 2018 జూలై నుంచి మన దేశంలో నిబంధన ఉంది. ఇంట్లో కొలిచే సాధనం మనకు లేదు, ముక్కు, కన్ను ఉన్నాయి. నురగ కడుతున్నా, మామూలు కంటే త్వరగా పొగ వస్తున్నా, ఎండు వాసన వేస్తున్నా ఇక ఆశ వదలండి. మిగలకుండా ఉండాలంటే చిన్న మూకుడులో కొద్దిగా పోసి దేవడం మేలు.

అప్పడాల మాట మరిచాను. నూనె బొట్టు లేకుండా మైక్రోవేవ్‌లో ఒక్క అప్పడం నిమిషం లోపునే పొంగుతుంది, ఎవరికీ నేర్పనక్కరలేదు. ఉప్పు మాత్రం దాని కడుపులోనే ఉంది కనుక రక్తపోటు ఉన్నవారికి వారానికి ఒకటి రెండు చాలు. ఊరమిరపకాయలు మాత్రం దయచేసి అందులో పెట్టకండి. తలుపు తీయగానే వచ్చే ఘాటుకు ఇల్లంతా దగ్గుతుంది, ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం కూడా.

కాగిన నూనె ఒలికి కాళ్లు కాలిన పిల్లలను ఏటా చూస్తూనే ఉంటాము. మూకుడు పొయ్యెక్కని రోజున ఆ భయం ఉండదు. అయితే ఈ పెట్టెకూ దాని ప్రమాదాలున్నాయి. ఎండిన సన్నని ముక్కలు ఒక్క నిమిషం ఎక్కువైతే అంటుకుంటాయి, అందుచేత అది తిరుగుతుండగా టీవీ ముందుకు పోవద్దు. లోపల మంట కనిపిస్తే తలుపు తీయకుండా స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి వదిలేయండి, గాలి అందక అదే ఆరుతుంది. దుంపను పచ్చిగా మొత్తంగా పెట్టదలిస్తే ఫోర్కుతో నాలుగు చోట్ల పొడవండి, లేకపోతే పగిలి వేడిముక్కలు మీద పడతాయి. ఈ పొయ్యి 1200 వాట్ల దాకా కరెంటు లాగుతుంది. ఫ్యానుకు వాడే చిన్న ప్లగ్గులో గాని, ఎక్స్‌టెన్షన్ తీగ మీద గాని పెట్టకుండా, ఎర్తు ఉన్న పెద్ద ప్లగ్గు ఎలక్ట్రీషియను చేత వేయించుకోండి.